నల్లమలలో పెద్దపులి, రాత్రి జంతువులు: ఎక్కడ ఉండాలి, ఏం చూడగలం?

వెన్నెలబాట (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మార్చి మూడో వారంలో నల్లమల వెళ్దామనుకుంటున్నాం. మావారు, నేను, తొమ్మిదేళ్ళ మా బాబు. మల్లన్న దర్శనానికి ఆ దారిన ఏటా పోతూనే ఉంటాం కానీ అడవి చూద్దామని ఆగింది లేదు. బాబుకి పెద్దపులిని చూడాలని ఉంది గానీ, అంతకన్నా రాత్రిళ్ళు తిరిగేవాటి మీదే మనసు. అలుగు (పాంగొలిన్), ముళ్ళపంది, దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్), మూషిక జింక, గుడ్లగూబ అంటూ జాబితా రాసి ఫ్రిజ్‌కి అంటించాడు.

మన్ననూరు వైపు ఉండమంటారా, ఆత్మకూరు వైపు బైర్లూటి వెళ్ళమంటారా? రాత్రి సఫారీ ఎక్కడైనా ఉందా? మార్చి ఎండకి పిల్లాడితో ఇబ్బంది పడతామా? వెళ్ళొచ్చినవాళ్ళు, ఆ చుట్టుపక్కల వాళ్ళు చెప్పండి.

నల్లమద్దినీడ (అచ్చంపేట)

అక్కా, రాత్రి సఫారీ లేదు. ఇటు అమ్రాబాద్‌ల లేదు, అటు నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వులనూ లేదు. ఎవరన్న "లోపల మనోళ్ళున్నరు, నేను తీస్కపోత" అంటే పైసా ఇయ్యకండి. రాత్రి బండి తీస్కపోయి లోపల లైట్లు కొట్టుడు నేరం. మధ్యప్రదేశ్‌ల పులుల అడవి చుట్టూ ఉండే బఫర్ అడవులల్ల కొన్నాళ్ళు నడిపిన్రు గానీ, 2025 నవంబరుల ఉత్తరాఖండ్ కార్బెట్ టైగర్ రిజర్వు కేసుల సుప్రీంకోర్టు రాత్రి టూరిజం వద్దని చెప్పింది.

మాది అచ్చంపేట కాబట్టి మన్ననూరు సంగతి చెప్త. హైదరాబాద్ నుంచి 140 కిలోమీటర్ల దాకా ఉంటది. ఫరహాబాద్ గేటు కాడ అటవీ శాఖ బండ్లే ఎక్కాలె, సొంత కారు పోనియ్యరు. నిజాం జమానాల వేటకొచ్చిన జాగ అది. మార్చిల ఆకు రాలుతది కాబట్టి చెట్ల నడుమ దూరం దాకా చూపు ఆనుతది. వానకాలం మూడు నెలలు మూస్తరు, మీకు ఆ బాధ లేదు. గది, సఫారీ రెండూ ముందుగాల ఆన్‌లైన్‌ల తీసుకోండి. శని, ఆదివారాలు దొరకవు.

రెండుచక్రాలు (సికింద్రాబాద్)

నేనైతే సఫారీ కన్నా రోడ్డే మేలంటాను. మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టులు రాత్రి 9కి మూస్తారు. ఎనిమిదింటికి మన్ననూరు దాటి నిదానంగా వెళ్తే హెడ్‌లైట్ల వెలుగులోనే ముళ్ళపంది, అడవిపిల్లి, కుందేళ్ళు, నైట్‌జార్ పిట్టలు కనిపిస్తాయి. వటవర్లపల్లి దాటాక ఒకసారి చిరుతని కూడా చూశాను. తొమ్మిదిలోపు వెళ్ళడం చట్టప్రకారమే కదా?

పెంటదారి (నాగర్‌కర్నూల్)

తమ్ముడూ, చట్టప్రకారమే. అయినా వద్దనే చెప్త. నేను కొన్నేండ్లు అటవీ శాఖ బేస్ క్యాంపుల పనిచేసిన, అందుకని కొంచెం ఇడమరిచి చెప్త.

పొద్దుగూకినంక కూడ తారు రోడ్డు వేడి పోదు. ఆ వేడికి పాములొస్తయి, పురుగులొస్తయి. పురుగుల కోసం నైట్‌జార్ వచ్చి రోడ్డు మీదనే కూసుంటది. హెడ్‌లైటు కండ్లల్ల పడితే అది జల్ది లేవదు, బండి మీదికొచ్చినంక లేస్తది, తగిలి పడిపోతది. కుందేలు, పునుగుపిల్లి ఆ వెలుతురుల దిక్కుతోచక పక్కకు పోవు, రోడ్డు పట్టుకునే ఉరుకుతయి. పొద్దున గేటు తెరవకముందు ఆ రోడ్డు మీద నడిస్తే, గేటు మూసేముందు గంటల ఏమేం సచ్చినయో అన్ని కనబడతయి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రోడ్డు బందు పెట్టింది ఊకెనే కాదు. బండ్లు ఆగినంక పులి, చిరుత కూడ అదే రోడ్డు మీద నడుస్తయి. ముండ్లు ఉండవు, ఎండుటాకు చప్పుడు ఉండదు, మెత్తటి పాదానికి సుఖం.

ఇంకొకటి, ఆ టైముల అవుతలి గేటు అందుకోవాలని బస్సులు, కార్లు ఉరుకుతుంటయి. నువ్వు నిదానంగ పోతే నీ ఎనకోడు నిదానంగ రాడు. పిల్లగానితోని ఆ పని పెట్టుకోవద్దు.

అక్కా, మీరు పోయిన కాడ ట్రాకర్‌ను పరిచయం చేయమని అడగండి. టైగర్ ట్రాకర్లల చానమంది చెంచులే. దుబ్బల అడుగు చూసి అది ఏ జానవరి, ఎటు పోయింది, రాత్రి పోయిందా తెల్లారగట్ల పోయిందా అన్నది చెప్తరు. అడుగు మీద మంచు చుక్కల గుర్తులుంటే అది మంచు పడకముందు పోయినట్టు. పురుగు పాకిన గీత అడుగును దాటి పోతే రాత్రి అడుగు. ఒక పొద్దుగాల వాళ్ళ ఎంట ఉంటే, రాత్రంత ఆడ ఏమైందో మీ బాబు సొంతంగ చదువుతడు.

రెండుచక్రాలు (సికింద్రాబాద్)

నైట్‌జార్ అలా ఆగిపోతుందని నాకు తెలీదు అన్నా. మరి పగటి సఫారీలో పులి కనబడే అవకాశం ఎంత? మహారాష్ట్ర తాడోబాలో ఒకే రోజు రెండుసార్లు చూసినవాళ్ళున్నారు.

గుండ్లకమ్మ (మార్కాపురం)

తాడోబాతో పోల్చకండి. 2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 63 పులులు, తెలంగాణలో 21. అమ్రాబాద్ ఒక్కటే 2,600 చదరపు కిలోమీటర్లకు పైన ఉంది, మా వైపు రిజర్వు అంతకంటే పెద్దది. రాతినేల, తక్కువ నీళ్ళు, కాబట్టి గడ్డి తక్కువ, గడ్డి తినే జంతువులూ పలచగా ఉంటాయి. అందుకే ఇక్కడి పులి చాలా దూరం తిరగాలి. అదే నల్లమల గొప్పతనం అని నా అభిప్రాయం. జీపుల వరస మధ్యలో పులి నడిచిపోవడం ఇక్కడ ఉండదు. ఒకవేళ కనబడితే ఆ పులికీ మీకూ మధ్య ఎవరూ ఉండరు.

ఇక వెన్నెలబాట గారూ, పిల్లాడి జాబితా చూస్తే నేను బైర్లూటే చెబుతాను. అడవి అంచునే క్యాంపు, పనిచేసేవాళ్ళలో స్థానిక చెంచులు ఉన్నారు. నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్ల ఇంకో చోటు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో తుమ్మలబైలు సఫారీ ఉంది గానీ అది పగటి పని. రాత్రి ఉండాలంటే మొదటి రెండే.

మార్చి గురించి భయపడకండి. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టున పడుకోండి, జంతువులు చేసేదీ అదే. నిజానికి చూడటానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. వాగులు ఎండుతాయి, అటవీ శాఖ వాళ్ళు సిమెంటు తొట్లు కట్టి ట్యాంకర్లతోనో సోలార్ బోర్లతోనో నీళ్ళు నింపుతారు. ఉన్న నాలుగు నీటి చోట్లకే అన్నీ రావాలి. పైగా ఇప్పపూలు రాలే కాలం. తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద గుడ్డెలుగు పూలు ఏరుకు తింటుంది. గైడు లేకుండా క్యాంపు దాటి నడవకండి, ముఖ్యంగా ఆ వేళలో. నల్లమలలో నడిచేవాడికి పులి కన్నా గుడ్డెలుగుతోనే ప్రమాదం ఎక్కువ. దాని చూపు అంతంతమాత్రం, దగ్గరకు వెళ్ళేదాకా మనిషిని గమనించదు, గమనించాక ఉలిక్కిపడి మీదికొస్తుంది.

కాళ్ళకి మూసిన బూట్లు, రాత్రి బాత్రూంకి వెళ్ళినా చేతిలో టార్చి. కట్లపాము, రక్తపింజర రెండూ ఎక్కువగా రాత్రిళ్ళే తిరుగుతాయి. దోమల మందు కూడా మర్చిపోకండి, నల్లమలలో మలేరియా ఉంది.

చీకటిచెవి (కర్నూలు)

రాత్రి అడవిని చూడటం కన్నా వినడం సులువు. పిల్లాడికి ఇప్పటి నుంచే కొన్ని శబ్దాలు అలవాటు చేయండి. పక్షుల కూతలు ఇంటర్నెట్లో దొరుకుతాయి. ఇంట్లో వినండి గానీ అడవిలో మాత్రం ఫోన్లో వేసి పక్షిని పిలవకండి. అది గూడు వదిలి శత్రువు వచ్చిందని వెతుక్కుంటూ తిరుగుతుంది.

పొద్దు పోయిన అరగంటకి నైట్‌జార్లు మొదలుపెడతాయి. ఇండియన్ నైట్‌జార్ "చక్.. చక్.. చకచకర్" అని వేగం పెంచుకుంటూ పోతుంది. జంగిల్ నైట్‌జార్ ఒకే వేగంతో "చక్కు, చక్కు" అంటూ ఎంతసేపైనా కొడుతుంది. ఈ రెంటికీ తేడా పిల్లలు పెద్దల కన్నా ముందే పట్టేస్తారు. చింత, మర్రి లాంటి పెద్ద చెట్లుంటే మాటల్డ్ వుడ్ ఔల్ అనే గుడ్లగూబ ఉంటుంది. దాని కూత వణుకుతూ సాగి కిందికి జారుతుంది, కొత్తగా విన్నవాళ్ళు జడుసుకుంటారు. ఊళ్ళల్లో దెయ్యం కథలు కొన్ని ఈ పక్షి పుణ్యమే అయ్యుంటాయని నా నమ్మకం. నీటి పక్కన లోతుగా "బూమ్.. బూమ్" అంటే బ్రౌన్ ఫిష్ ఔల్.

ఇక పులి, చిరుత కదలికను చెప్పేవి వాటి గొంతులు కావు, వాటిని చూసి భయపడే జంతువుల గొంతులు. చుక్కల దుప్పి సన్నగా "కియావ్" అని అరుస్తుంది, కానీ అది తొందరపాటు మనిషి, ప్రతిదానికీ అరుస్తుంది. కొండముచ్చు చెట్టు మీంచి ఖక్కుమని దగ్గుతూ అరిస్తే నమ్మొచ్చు, పైనుంచి చూస్తోంది కాబట్టి. కణితి (సాంబార్ జింక) మాత్రం ఊరికే నోరు తెరవదు. అది "ఢాంక్" అని మళ్ళీ మళ్ళీ అరుస్తూ తోక ఎత్తి నిలబడిందంటే ఎదురుగా పులో, చిరుతో, రేచుకుక్కల మందో ఉన్నట్టే. అరుపులు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరుగుతూ పోతే, జంతువు ఎటు నడుస్తోందో క్యాంపులో కూర్చునే తెలుస్తుంది. రాత్రి మంచం మీద పడుకుని ఇలా ఒక పులి దారిని చెవులతో వెంబడించడం, జీపులోంచి ఐదు నిమిషాలు చూడటం కన్నా నాకెక్కువ ఇష్టం.

ముక్కు కూడా పనికొస్తుంది. పులి తన హద్దు గుర్తుగా చెట్ల మొదళ్ళకు వెనక నుంచి ద్రవం చిమ్మిన చోట బాస్మతి అన్నం ఉడికిన వాసన వస్తుంది. ఉట్టిమాట కాదు, బాస్మతికి ఆ వాసన ఇచ్చే రసాయనమే పులి చిమ్మే ద్రవంలోనూ ఉందని శాస్త్రవేత్తలు తేల్చారు.

తలకోననీరు (తిరుపతి)

బాబు జాబితాలో దేవాంగపిల్లి ఉంది కాబట్టి రాస్తున్నాను. దాని కోసం నల్లమల మీద ఆశ పెట్టుకోవద్దండీ, మా శేషాచలం వైపు అవకాశం ఎక్కువ. గుప్పెడంత ప్రాణి. రాత్రంతా సన్నకొమ్మల మీద మెల్లగా కదులుతూ పురుగుల్ని పట్టి తింటుంది. దట్టమైన అడవే కావాలని లేదు. చింతతోపులు, ముళ్ళకంచెలు కలిసిపోయి కొమ్మకి కొమ్మ అందితే చాలు. రోడ్డు వెడల్పు చేసి చెట్లు కొట్టేస్తే కొమ్మల దారి తెగి, నేల దిగి రోడ్డు దాటాలి, అప్పుడు చచ్చిపోతుంది. చేతబడికీ మందులకీ పట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. తమిళనాడు 2022లో కరూరు, దిండిగల్ జిల్లాల్లో కడవూరు దగ్గర దీనికోసమే ఒక అభయారణ్యం ప్రకటించింది. మనకీ అలాంటిదొకటి కావాలి.

రాత్రి టార్చి వేస్తే దాని కళ్ళు నారింజరంగులో వెలుగుతాయి. మామూలు తెల్లలైటు ఆ కళ్ళకి బాధ. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, కళ్ళ మీద నిలపకుండా పక్కకి వేయండి. క్యాంపులో గుడ్లగూబని చూసేటప్పుడూ ఇదే పద్ధతి.

అలుగు గురించి నిజం చెప్పాలి. దశాబ్దాలుగా అడవిలో పనిచేసేవాళ్ళకే అది కనబడటం అరుదు. పొలుసుల కోసం దొంగరవాణా ఎక్కువ, 2016లో ప్రపంచదేశాలన్నీ కలిసి దాని వ్యాపారాన్ని నిషేధించినా ఆగలేదు. బాబుకి అలుగును కాక దాని గుర్తులు వెతకమనండి. పుట్టకి సన్నటి బొరియ తవ్వి ఉంటే అలుగు అయ్యుండొచ్చు, పుట్ట సగం పెకలించి మట్టి చిందరవందరగా ఉంటే గుడ్డెలుగు పని. ముళ్ళపంది ముల్లు దారిలో దొరుకుతుంది, కణితి రాల్చిన కొమ్ము మీద దాని పంటిగాట్లు కూడా కనబడతాయి, సున్నం కోసం కొరుకుతుంది. చూసి అక్కడే వదిలేయాలి, ఇంటికి తెచ్చుకోకూడదు.

నల్లమద్దినీడ (అచ్చంపేట)

మూషిక జింకల గురించి ఎవ్వరూ చెప్పలే. హైదరాబాద్ జూల, సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళ లాకోన్స్ ల్యాబుతోని కలిసి వాటిని పెంచి, 2017 నుంచి మా అమ్రాబాద్ అడవిల వదిలిన్రు. కుందేలంత ఉంటది, రాత్రే తిరుగుతది, అడవిల కనబడుడు కష్టం. బాబుకి ముందుగాల జూల చూపియ్యండి, ఎట్లుంటదో మనసుల పడ్తది.

దూరతీరం (జొహానెస్‌బర్గ్)

ఈ చర్చ చదువుతుంటే మడగాస్కర్‌లోని కిరిందీ అడవి గుర్తొచ్చింది, మేం ఇక్కడి నుంచే వెళ్ళాం. పడమటి తీరంలో మొరొందావా అనే ఊరికి ఉత్తరాన ఉంటుంది, దారిలోనే ఆ పేరుమోసిన బావొబాబ్ చెట్ల వరస. అదీ నల్లమల జాతే: వానలు లేని కాలంలో ఆకు రాల్చే మెట్ట అడవి, ఎర్రదుమ్ము. కానీ అక్కడ పులుల్లేవు, ఏనుగుల్లేవు, నడిచేవాళ్ళ మీదికొచ్చే పెద్ద జంతువు ఆ అడవిలో లేదు. అందుకని గైడుతో రాత్రి కాలినడకన అడవిలోకి వెళ్ళనిస్తారు. టార్చి వెలుగులో కొమ్మల మీద లీమర్ల కళ్ళు. మడాం బెర్త్ మౌస్ లీమర్ అని 30 గ్రాముల ప్రాణి ఉంది, కోతుల కుటుంబమంతటిలోకీ అతి చిన్నది, ఆ మెనాబే ప్రాంతంలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. మొక్కజొన్న కోసం అడవి తగలబెట్టడంతో దాని బతుకు అంచుకొచ్చింది.

అక్కడి పెద్ద వేటజంతువు ఫోసా. పగలూ రాత్రీ తిరుగుతుంది, చెట్లెక్కి లీమర్లను పడుతుంది. మేం దాన్ని చూసింది అడవిలో కాదు, క్యాంపు వంటగది వెనక. మిగిలిన తిండి కోసం వస్తుంది. ఫోటో బాగా వచ్చింది గానీ నాకు అది నచ్చలేదు. వేటాడే ప్రాణి చెత్తకుండీ దగ్గర అలవాటు పడటం దానికి మంచిది కాదు. మన శ్రీశైలం ఘాట్‌లో కార్లు ఆపి కోతులకి అరటిపళ్ళు, చిప్స్ ప్యాకెట్లు వేసేవాళ్ళకి ఇదే చెప్పాలి. తిండి కోసం రోడ్డెక్కిన కోతి వెనక చిరుతా రోడ్డెక్కుతుంది.

లంకమల (కడప)

రాత్రి ప్రాణులంటా ఉండారు, కలివికోడిని మర్చిపోతే ఎట్ల? జెర్డాన్ అనే పక్షుల పండితుడు 1848లో లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత ఎవురికీ కనపడకపోయేసరికి పోయిందనుకున్యారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ భరత్ భూషణ్ మా రెడ్డిపల్లె కాడ, పిట్టలు పట్టే మా ఊరాయన సాయంతోనే మళ్ళా కనుక్కున్యాడు. దానికోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చె. తెలుగుగంగ కాలవ కూడా దాని తావు తప్పించి మళ్ళించిరి. 2025 ఆగస్టులో దాని కూత మళ్ళీ రికార్డయింది.

ఇది రాత్రి తిరిగే పరుగుపిట్ట. చిట్టడివిలో ముళ్ళకంపల మధ్య ఖాళీ నేల కావాల దానికి. ఆ ఖాళీ మరీ మూసుకుపోయినా, మరీ తెరిచేసినా ఉండదు. పశువులు కొద్దిగా మేసే చోట నిలబడిందని అంటారు. చూద్దామని మాత్రం రావద్దండి. చూడ్డానికి ఎవురినీ పోనీరు, పోనీకూడదు గూడా. నల్లమల నుంచి శేషాచలం దాకా పులి నడిచే దారి మా లంకమల మీదగానే పోతాదని గూడా పిల్లోడికి చెప్పండి.

వెన్నెలబాట (హైదరాబాద్)

వెళ్ళొచ్చాం. ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. బైర్లూటిలోనే ఉన్నాం.

పులి కనబడలేదు. తెల్లవారి సఫారీలో నీటితొట్టి దగ్గర రేచుకుక్కలు దొరికాయి. ఎర్రటి ఒళ్ళు, నల్లటి గుబురు తోక. ఒక్కొక్కటే దిగి తాగుతుంటే మిగతావి చుట్టూ చూస్తూ నిలబడ్డాయి. తాగినవి పక్కకి జరిగి చోటిచ్చాయి. వాటిలో అవి ఈలల్లాంటి సన్నటి శబ్దాలతో పలకరించుకున్నాయి. కుక్కలంటే మొరుగుతాయనుకున్న మావారు ఇప్పటికీ ఆ ఈలల గురించే చెప్తున్నారు.

రాత్రి చీకటిచెవి గారు చెప్పినట్టు దీపాలార్పి వరండాలో కూర్చున్నాం. రెండు నైట్‌జార్లనీ బాబే వేరు చేశాడు. పదకొండు దాటాక కణితి అరిచింది. వాగు వైపు మొదలై కొండ మొదలు దాకా జరుగుతూ వెళ్ళింది. క్యాంపులో పనిచేసే చెంచు పెద్దాయన వచ్చి మా పక్కన కూర్చుని, "చిరుత" అన్నారు. పొద్దున్నే ఆయనే తీసుకెళ్ళి చూపించారు, ముందురోజు మా జీపు టైరు గీతల మీదుగా చిరుత అడుగులు.

ఒక సందేహం మిగిలింది. అదే దారిలో ఇంకొన్ని అడుగులు చూశాం. ఆ పెద్దాయన అప్పటికి వంటకని వెళ్ళిపోయారు. కుక్క అడుగు కన్నా పెద్దవి, ముందుకాలి గుర్తు వెనకకాలిదానికన్నా బాగా పెద్దగా ఉంది. బాబు తన స్కేలు పక్కన పెట్టి ఫోటో తీశాడు. చిరుతేనా, వేరేదా?

పెంటదారి (నాగర్‌కర్నూల్)

అక్కా, ఫోటోల వేళ్ళ ముందర గోర్ల గుర్తులు ఉన్నయా? పిల్లి జాతి నడిచేటప్పుడు గోర్లు లోపలికి ముడుసుకుంటది, చిరుతకు, పులికి గోరు పడదు.

వెన్నెలబాట (హైదరాబాద్)

ఉన్నాయి. నాలుగు వేళ్ళ ముందూ మొద్దుగా చుక్కలు పడ్డాయి.

పెంటదారి (నాగర్‌కర్నూల్)

అట్లైతే దుమ్ములగొండి (హైనా). దాని మెడ, భుజాలు బరువు, ఎనక భాగం చిన్నది, అందుకే ముందటి అడుగు పెద్దగ పడ్తది. రాత్రి ఒంటిగ తిరుగుతది, పులి, చిరుత తిని వదిలిన బొక్కలు పండ్లతోని పలగ్గొట్టి తింటది. చిరుత పోయిన దారినే పోయిందంటే దాని ఎనకాలనే తిండి ఎతుకుతున్నట్టుంది. బైర్లూటి రేంజ్ ఆఫీసుకు ఆ ఫోటో పంపండి. తారీకు, టైము, ఏ దారో రాసి, స్కేలు కనబడేటట్టు పంపాలె. జానవరి ముందుకొస్తే దానంతటదే ఫోటో తీసే కెమెరా ట్రాప్ ఎక్కడ పెట్టాల్నో చూసుకునేటప్పుడు వాళ్ళకు అక్కరకొస్తది.